అల్లుడి ట్రిమ్మర్‌కు నా లేత్ మీద పరీక్ష

దేవరకొండ రోడ్డులోని మా షాపుకు వచ్చే పనులు దాదాపు ఒకే రకం. బోరు మోటారు షాఫ్టు అరిగితే బుష్ వేయడం, మిర్యాలగూడ రైస్‌మిల్లుల రోలర్లకు బేరింగ్ సీటు సరిచేయడం, ట్రాక్టరు పిన్నులు, ఎప్పుడైనా ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టులు. 32 ఏళ్లుగా ఇదే. మొన్న బతుకమ్మ పండుగకు టెక్సస్ నుంచి వచ్చిన అల్లుడు సూట్‌కేసులోంచి ఒక చిన్న యంత్రం తీసి నా బెంచి మీద పెట్టాడు. పిడి, కింద దిమ్మ చూసి కైమా కొట్టే చేతి మిషన్ అనుకున్నాను. దగ్గరికి తీసుకుని తిప్పి చూస్తే అది అచ్చంగా లేత్. ఒక చివర జాబ్‌ను పట్టుకునే కాలెట్, ఇంకో చివర కట్టర్, మధ్యలో జానెడు పొడవు కూడా లేని బెడ్డు. చేత్తో తిప్పే లేత్ పిల్ల.

"మామయ్యా, ఇది కొలత నిలబెట్టడం లేదు. నువ్వొకసారి చూడు" అన్నాడు. అల్లుడంటే మా అక్క కొడుకే. చిన్నప్పుడు ఇదే షాపులో ఇనుప పొట్టు ఏరుకుని ఆడుకున్నవాడు. ఇప్పుడు వారంలో ఐదు రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని, ఆరో రోజు రైఫిల్ రేంజికి వెళ్తాడు. ఈ యంత్రానికి పైలట్‌తో, అంటే బెజ్జంలో దూరి కట్టర్‌ను సూటిగా నిలిపే ముక్కతో, కలిపి 130 డాలర్లు పెట్టాడట. ఏ కంపెనీదో రాయను. తప్పులు ఎంచబోతున్నాను కాబట్టి పేరు లేకుండా ఎంచడమే మర్యాద.

ముందు ఇది దేనికో చెప్పాలి. అమెరికాలో గురి పోటీలకు వెళ్లేవారిలో చాలామంది పేల్చిన తూటా ఇత్తడి తొడుగును పారేయరు. శుభ్రం చేసి, అచ్చులో నొక్కి మళ్లీ పాత ఆకారానికి తెచ్చి, కొత్త ప్రైమర్ (మందును అంటించే చిన్న టోపీ), కొత్త మందు, కొత్త బుల్లెట్ పెట్టి తిరిగి వాడుకుంటారు. ఆ ఇత్తడి తొడుగును వాళ్లు కేసు అంటారు. మన దగ్గర కేసు అంటే గుర్తొచ్చేది వేరే కాబట్టి నేను తొడుగు అనే అంటాను. వాడే కొద్దీ పొడవు పెరిగే ఆ తొడుగు మూతిని కత్తిరించి కొలతకు తేవడమే ఈ ట్రిమ్మర్ పని. అక్కడ అది ఇంట్లో చేసుకునే పని. ఇక్కడ తూటాలు తయారు చేయాలంటే 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. అందుకే అల్లుడు ఒక్క ఖాళీ తొడుగు కూడా తేలేదు. మనవడు గుర్తుగా బ్యాగులో వేసుకున్న ఒకటి విమానం ఎక్కే ముందు రాత్రి దొరికిందట. మళ్లీ వెతికి, అన్ని జేబులూ దులిపి బయలుదేరారు. శంషాబాద్‌లో ఖాళీ తొడుగు బయటపడితే పండుగ సంగతి దేవుడెరుగు.

యంత్రం ఉంది, అందులో పెట్టే వస్తువు లేదు. పరీక్ష ఎలా? ప్రకాశం బజారు నుంచి అర అంగుళం ఇత్తడి కడ్డీ తెప్పించి, రాజ్‌కోట్ లేత్ మీద 10 ముక్కలు తిప్పాను. అల్లుడు వాడేది 308 విన్‌చెస్టర్ రకం తూటా. దాని అడుగు అంచు వ్యాసం అంగుళంలో 0.473, అంటే 12 మిల్లీమీటర్లు. ఆ అంచు, దాని వెనక గాడి, పైన పైలట్ దూరేందుకు 7.8 మిల్లీమీటర్ల బెజ్జం, అంతే. ప్రైమర్ గుంట లేదు, నడుము నుంచి మెడకు సన్నబడే భుజం లేదు, కింద అంతా గట్టి ఇత్తడి. దాన్ని ఏ తుపాకీలోనూ పెట్టలేరు. కొలత ముక్క అనవచ్చు.

పనిలోకి దిగే ముందు అల్లుణ్ని కూర్చోబెట్టి అసలు ఈ పొడవుతో పనేమిటని అడిగాను. వాడు చెప్పింది విన్నాక, 130 డాలర్లు దండగ కాదని ఒప్పుకున్నాను.

తూటా పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి చాంబర్, అంటే తుపాకీలో తూటా కూర్చునే గది, గోడకు అతుక్కుంటుంది. తర్వాత దాన్ని అచ్చులోకి నెట్టి నొక్కితే నడుము సన్నబడుతుంది. నలిగిన ఇత్తడి ఎక్కడికో పోవాలి కదా. మురుకుల గొట్టంలో పిండి నొక్కితే దారి ఉన్న వైపే బయటికి వస్తుంది. ఇక్కడ దారి ఉన్నది మూతి వైపు. పైగా మెడను లోపలి నుంచి సరిచేసే గుండీ ఒకటి ఉంటుంది, అది బయటికి వస్తూ మెడను తనతో లాగుతుంది. అలా నొక్కిన ప్రతిసారీ తొడుగు రెండు, మూడు, నాలుగు థౌలు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ పెరుగుతుంది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, మిల్లీమీటరులో 0.025. ఒకసారికి ఏమీ కాదు. ఏడెనిమిది సార్లు కత్తిరించకుండా వాడితే అవుతుంది.

308కి సామీ అనే అమెరికా సంస్థ పెట్టిన గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు, అంటే 51.18 మిల్లీమీటర్లు. కత్తిరించినప్పుడు 2.005కి, అంటే 50.93కి తెస్తారు. మధ్య తేడా పావు మిల్లీమీటరు, ఒక పెళ్లి పత్రిక అట్ట మందం కూడా ఉండదు. చాంబర్‌ను సాధారణంగా ఆ గరిష్ఠం కంటే కాస్త పొడవుగానే కోస్తారు కాబట్టి 2.016 రాగానే తుపాకీ బద్దలు కాదు. కానీ చాంబర్‌లో మెడ పట్టే చోటు ఒక దగ్గర ముగిసి, అక్కడి నుంచి దారి ఇరుకవుతుంది. తొడుగు మూతి అంతదాకా పెరిగితే ఆ ఇరుకులో చిక్కుకుని, లోపలికి ముడుచుకుని బుల్లెట్‌ను పట్టేసుకుంటుంది. అప్పుడు పేలిస్తే, గోనెసంచి మూతి బిగించి కట్టి లోపలి బియ్యాన్ని బయటికి తోసినట్టే. బుల్లెట్ వదులుగా బయటపడాల్సిన క్షణంలో పడదు, వెనక ఒత్తిడి పెరిగిపోతుంది. 308కి మామూలుగా అనుమతించే ఒత్తిడే చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. లారీ టైరులో ఉండేది 100కి అటూ ఇటూ. దాని మీద ఇంకా పెరగడమంటే ఏమిటో, చాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్టును ముఖానికి జానెడు దూరంలో పెట్టుకుని కాల్చేవాడు ఆలోచించుకోవాలి.

అల్లుడికి అది జరగనే జరిగింది. మొన్న ఎండాకాలంలో రేంజిలో ఒక తూటా పెట్టాక బోల్టు దిగలేదట. అరచేత్తో కొట్టి దించాడు. కాల్చాక బోల్టు లేవనంది. బయటికి తీస్తే ప్రైమర్ అంచులు చదునై, పాత పైసా బిళ్లలా ఉందట. ఆ రోజుకు ఆపేశాడు, అది మంచి పని. ఇంటికి వచ్చి అదే డబ్బాలోని మిగతా తొడుగులు కొలిస్తే ఒకటి 2.031 అంగుళాలు. మూతి చుట్టూ మెరిసే గీత. భుజం సరిగా వెనక్కి నొక్కకపోయినా బోల్టు అలాగే బిగుస్తుంది, కాబట్టి కారణం పొడవు ఒక్కటే అని నేను ఒట్టు పెట్టను. కానీ అప్పటికి ఏడుసార్లు నింపి, ఒక్కసారీ కత్తిరించలేదని వాడే ఒప్పుకున్నాడు. చక్‌లో తాళంచెవి వదిలేసి స్విచ్ వేసిన కుర్రాణ్ని ఎలా తిడతానో అలాగే తిట్టాను. అక్క వంటింట్లోంచి "పండుగ పూట వాణ్ని ఏమిటి అంటున్నావు?" అని వచ్చింది. ఆ తర్వాత తగ్గాను.

ఇక యంత్రం సంగతి.

కట్టర్ చాలా బాగుంది. నాలుగు పళ్లు, హైస్పీడ్ స్టీలు, పదును చెక్కుచెదరలేదు. ఇత్తడి మీద పెడితే సన్నని బంగారు పొడిలా రాలింది. నా దగ్గర పనిచేసే కుర్రాడు చేత్తో తిప్పి చూసి, కరెంటు పోయినప్పుడు మనకూ ఇలాంటిది ఒకటి ఉంటే బాగుండేదన్నాడు. పైలట్ బెజ్జంలో పట్టుగానూ లేదు, కదలనూ లేదు. చుక్క నూనె వేస్తే చాలు.

కొలత నిలబడకపోవడానికి మాత్రం రెండు జబ్బులున్నాయి. రెండూ కంపెనీవే.

మొదటిది స్టాపర్. కట్టర్ ఎంత లోపలికి పోవాలో నిర్ణయించే రింగు షాఫ్టు మీద ఉంటుంది, దాన్ని ఒక గ్రబ్ స్క్రూ, అంటే తల లేని మర, పట్టి ఉంచుతుంది. షాఫ్టు గట్టి స్టీలు, స్క్రూ మొన ఇంకా గట్టిది. గట్టిది గట్టిదాన్ని పట్టదు, జారుతుంది. ముక్క పెట్టకుండానే 30 సార్లు పిడి తోసి స్టాపర్‌కు ఆనించి, వెనక డయల్ గేజ్ పెట్టి చూశాను. రింగు 0.15 మిల్లీమీటరు జరిగింది. అంటే 50 తొడుగులు కత్తిరించేవాడికి మొదటిదీ చివరిదీ ఒకటి కావు, చివరివి పొట్టి. పొట్టి అయితే పొడవంత ప్రమాదం లేదు నిజమే. మెడ బుల్లెట్‌ను పట్టే నిడివి కాస్త తగ్గుతుంది, ముందు మిగిలే ఖాళీలో మసి గట్టిపడుతుంది. కానీ 130 డాలర్ల యంత్రం తనంతట తాను జరిగిపోతే ఎవరికి నచ్చుతుంది?

మా పక్కది మోటారు వైండింగ్ షాపు. అక్కడి రాగి తీగ చిన్న ముక్క తెచ్చి, సుత్తితో చదును చేసి, పెసరగింజంత కత్తిరించి గ్రబ్ స్క్రూ కింద వేశాను. రాగి మెత్తన, నలిగి షాఫ్టును పట్టుకుంటుంది. మళ్లీ 30 సార్లు. డయల్ ముల్లు కదల్లేదు. 5 నిమిషాల పని. ఆ కంపెనీ ఇంజనీరుకు ఇది తెలియదంటే నమ్మను. ఇత్తడి మొన ఉన్న స్క్రూకు నాలుగు పైసలు ఎక్కువ అవుతాయని వదిలేసి ఉంటారు.

రెండోది అసలు జబ్బు, కాలెట్. ఇది తొడుగు అడుగు అంచును పట్టుకుని, బిగించే కొద్దీ వెనక్కి లాగుతుంది. అంచు వ్యాసం అన్ని తొడుగులకూ ఒకటే అయితే గొడవ లేదు. కానీ ఆ అంచుకు ప్రమాణంలోనే 10 థౌల తగ్గుదల అనుమతి ఉంది, కంపెనీ కంపెనీకి మారుతుంది. అంచు చిన్నదైతే కాలెట్ ఎక్కువ మూసుకుని తొడుగును ఎక్కువ వెనక్కి లాగుతుంది. కట్టర్ ఆగే చోటు మారదు కాబట్టి ఆ తొడుగు తక్కువ తెగుతుంది, పొడవుగా మిగులుతుంది. నాకు ముందే ఈ అనుమానం ఉంది. అందుకే 10 ముక్కల్లో 6 ముక్కల అంచు 12.0, మిగతా నాలుగింటి అంచు 11.8 తిప్పాను.

50.93కి పెట్టి కత్తిరించాను. 50–75 మైక్రోమీటరుతో కొలిచాను. ఈ పనికి డిజిటల్ వెర్నియర్ చాలదా అంటే చాలు. అది 0.01 చూపించినా 0.02 వరకే నమ్మాలి, అంతే తేడా. ఆరు ముక్కలు 50.92 నుంచి 50.95 మధ్య వచ్చాయి. శభాష్. నాలుగు చిన్న అంచులవి 51.00 నుంచి 51.03. అల్లుడు టెక్సస్‌లో రెండు మూడు కంపెనీల తొడుగులు ఒకే డబ్బాలో కలిపి కత్తిరిస్తాడు. వాడి కొలత ఎందుకు నిలబడలేదో అప్పుడు అర్థమైంది.

కాలెట్ వెనక 8 మిల్లీమీటర్ల స్టీలు పిన్ను ఒకటి తిప్పి, దాని ముఖం లేత్ మీద చదును చేసి, గొట్టంలో పట్టుగా కూర్చోబెట్టాను. ఇప్పుడు తొడుగు అడుగు ఆ పిన్ను ముఖానికి ఆనుతుంది. కాలెట్ ఎంత లాగినా అక్కడే ఆగాలి. మళ్లీ 10 ముక్కలు, ఈసారి 50.80కి. పదీ 0.03 తేడా లోపలే వచ్చాయి. జాబ్ ఎక్కడ ఆనుతుందో తెలియకుండా పొడవు కోయకూడదని నాకు ఐటీఐలో మొదటి నెలలో చెప్పారు. తొడుగు భుజం నుంచి కొలత తీసుకునే ట్రిమ్మర్లూ ఉన్నాయట, ప్రైమర్ బెజ్జంలోంచి పుల్ల దూర్చి అడుగు నుంచి కొలిచే చౌక పరికరమూ ఉందట. ఆ పుల్ల రకంలో కాలెట్ జబ్బు ఉండదు, పొడవును పుల్లే నిర్ణయిస్తుంది. మార్చుకునే వీలు మాత్రం ఉండదు. ఒక్క రకం తుపాకీ ఉన్నవాడు అదే కొనుక్కోవచ్చు.

ఇంకా చిన్న చిన్న సణుగుళ్లు. పిడి చివరి గుండీ రెండుసార్లు ఊడి చేతికొచ్చింది. కాగితం మీద అక్షరాలు చీమల బారు, అన్నీ అంగుళాల్లోనే. కత్తిరించాక మూతి అంచున లేచే పొలుసును లోపలా బయటా గీసేయాలి, లేకపోతే బుల్లెట్ రాగి పూతను గీరుతుంది. ఆ గీసే పనిముట్టు పెట్టెలో లేదు, విడిగా కొనాలి. చాకుతో చెంచా అమ్మనట్టు ఉంది.

సాయంత్రం టీకి వచ్చే రిటైర్డ్ హవల్దారుగారు ఇదంతా చూసి నవ్వారు. ఆయన మోసింది ఈషాపూర్ ఎస్ఎల్ఆర్ రైఫిల్. అందులో వాడే 7.62 నాటో తూటా ఈ 308కి కవల లాంటిదే. 308 అంగడిలోకి వచ్చింది 1952లో, నాటో దాన్ని తీసుకున్నది 1954లో. "మేమెన్నడూ కొలవలేదు. కాల్చాక ఖాళీవి లెక్కపెట్టి అప్పజెప్పేవాళ్లం, ఒక్కటి తగ్గితే గడ్డిలో మోకాళ్ల మీద వెతికేవాళ్లం" అన్నారు. ఫ్యాక్టరీ తొడుగు ఒక్కసారే పేలుతుంది, పెరిగే అవకాశమే రాదు. ఈ బాధంతా రెండోసారి వాడేవాడిది.

అల్లుడు వెళ్లాక వీడియో కాల్‌లో పరీక్ష కొనసాగింది. అక్కడ ఇంకో తప్పు దొరికింది. వాడు తొడుగును అచ్చులో నొక్కకముందే కొలుస్తున్నాడు. ఒకటి నా ఎదుటే కొలిపించాను, 2.010. బాగానే ఉందన్నాడు. నొక్కి మళ్లీ కొలవమన్నాను, 2.016. నొక్కినప్పుడే కదా పెరిగేది! నొక్కాక కొలవాలి, కొలిచాక కత్తిరించాలి. అలా 50 తొడుగులు కొలిస్తే 11 గరిష్ఠాన్ని దాటాయి. కత్తిరించాక 50 కూడా 2.004 నుంచి 2.006 లోపలికి వచ్చాయి.

ఇంకో మాట కూడా చెప్పాను. మూతి దగ్గర పెరిగిన ఇత్తడి ఆకాశం నుంచి రాలేదు, కింద ఎక్కడో గోడ పలచబడింది. ఏడుసార్లు వాడినదాన్ని ఒకటి రంపంతో నిలువునా కోసి ఫోటో పంపమన్నాను. పంపాడు. అడుగుకు కొంచెం పైన, గోడ లోపలి వైపు, ఉంగరం ఏళ్ల తరబడి పెట్టుకున్న వేలి మీద పడే అచ్చులాంటి గాడి. బయట నుంచి చూస్తే సన్నని మెరుపు గీత మాత్రమే. తొడుగు తెగేది అక్కడే. అది తెగితే వేడి గాలి బోల్టు వైపు వస్తుంది. కోయకుండా తెలుసుకోవాలంటే సన్నని తీగ చివర వంచి లోపల గోడ వెంట లాగాలి, గాడి ఉంటే కొక్కెం తగులుకుంటుంది. మా దగ్గర సిలిండర్ లైనర్ లోపల వేలితో తడిమి రిడ్జ్ చూసినట్టే. ఆ డబ్బా మొత్తం సుత్తితో నలగ్గొట్టించాను. ఇప్పుడు ప్రతి డబ్బా మీద ఎన్నిసార్లు కత్తిరించాడో గీతలు పెడుతున్నాడు.

గురి సంగతి అడుగుతారు. యంత్రం పెట్టె మీద కూడా అదే పెద్ద అక్షరాల్లో ఉంది. 100 గజాల దగ్గర ఐదు గుళ్ల గుంపు వెడల్పు ఇంతకుముందు 1.3 అంగుళాలు, కత్తిరించాక 1.2. అల్లుడు సంబరపడ్డాడు. ఐదు గుళ్లతో పదో వంతు అంగుళం తేడా ఏమీ చెప్పదు, గాలి అటు వీచినా అంతే వస్తుంది. పొడవు ఒకేలా ఉంటే మెడ పట్టు ఒకేలా ఉంటుంది, నిజమే. గాడి ఉన్న బుల్లెట్ మీద మూతిని నొక్కి బిగించేవాళ్లకు అది ఇంకా నిజం, పొడవు మారితే బిగువు మారుతుంది. అల్లుడు అలా బిగించడు. వాడి గురికి మందు తూకం, బుల్లెట్ లోతు, ట్రిగ్గర్ మీద వేలు ముందు. మందు ఎంత పోయాలని మాత్రం నన్ను అడగకండి. దానికి అచ్చయిన పట్టికలు ఉన్నాయి, లేత్ పనివాడి మాట విని పోసుకోవద్దు.

కాబట్టి గురి కోసం కొంటే ఐదు చుక్కల్లో రెండు. తొడుగు పొడవును అదుపులో ఉంచుకోవడానికి కొంటే, నేను చేసిన రెండు మార్పులూ చేసుకున్నాక, నాలుగు. పెట్టెలోంచి తీసింది తీసినట్టే వాడితే మూడు, అందులో రెండు చుక్కలు కట్టర్‌వే. రెండు కంపెనీల తొడుగులు కలపకుండా, ప్రతి పదింటికోసారి కొలుచుకుంటూ వాడితే ఆ మూడు కూడా సరిపోతాయి.

200 తొడుగులు దాటాక కూడా రింగు జరగలేదని నిన్న మెసేజ్ పెట్టాడు. పిడి గుండీ మళ్లీ ఊడిందట. దాన్ని దారం చుట్టి బిగించుకోమన్నాను.